రోబోటిక్ వర్సెస్ వ్యాట్స్: నాన్న లంగ్ సర్జరీ కోసం నేను చేసిన కంపారిజన్

ఇప్పటిదాకా ఈ సైట్‌లో నేను ఫోన్లు, ఇయర్‌బడ్స్, ల్యాప్‌టాప్‌లు కంపేర్ చేశాను. ఈసారి కంపేర్ చేస్తున్నవి ఊపిరితిత్తుల ఆపరేషన్ చేసే రెండు పద్ధతులు. ఒకటి రోబోటిక్, రెండోది వీడియో సాయంతో చేసే వ్యాట్స్. కింద కొనుక్కునే లింకులేమీ ఉండవు.

నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి హైదరాబాద్‌లో కోడ్ రాసుకునేవాడిని. కానీ పోయిన ఏడాది మా ఇంట్లో ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది. అప్పుడు రాత్రుళ్లు కూర్చుని చదివింది, డాక్టర్లని అడిగి తెలుసుకుంది, అన్నీ ఒకచోట పెడుతున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే కనీసం ఏం అడగాలో తెలుస్తుంది.

కథ ఎక్కడ మొదలైంది

మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఎక్కువ సర్వీసు పాడేరు ఘాట్ రోడ్డు మీదే. కంటి శుక్లాల ఆపరేషన్‌కి ముందు మామూలుగా తీసిన ఎక్స్-రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక మచ్చ కనిపించింది. తర్వాత సీటీ స్కాన్, పెట్ స్కాన్, బయాప్సీ. 2.3 సెంటీమీటర్ల గడ్డ. క్యాన్సరే, కానీ తొలి దశ. "ఆ భాగం తీసేస్తే సరిపోవచ్చు" అన్నారు.

మొదటి హాస్పిటల్‌లో రోబోటిక్ సర్జరీ చేద్దామన్నారు. సెకండ్ ఒపీనియన్‌కి వెళ్లిన చోట వ్యాట్స్ చాలు అన్నారు. రెండు ఎస్టిమేట్ల మధ్య తేడా దాదాపు 2 లక్షలు.

నిజం చెప్పాలంటే నా మనసు వెంటనే రోబోట్ వైపే వెళ్లిపోయింది. కొత్త చిప్, కొత్త జెనరేషన్ అంటే మంచిదే అయ్యుంటుందని నమ్మే బ్యాచ్ కదా మనది. పైగా నాన్న విషయంలో రెండు లక్షలకి వెనకాడానన్న మాట నా మనసులో ఉండకూడదు అనుకున్నాను. అప్పు చేసైనా సరే రోబోటే అని అమ్మతో చెప్పేశాను కూడా. ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టాను. రివర్స్ ఆర్డర్ అని నాకూ తెలుసు.

ముందు బేసిక్స్

కుడి ఊపిరితిత్తిలో 3 లోబ్‌లు ఉంటాయి, ఎడమ దాంట్లో 2. గడ్డ ఉన్న లోబ్ మొత్తాన్ని తీసేయడాన్ని లోబెక్టమీ అంటారు. లోబ్‌లో ఒక ముక్కని మాత్రమే తీస్తే సెగ్మెంటెక్టమీ. దాంతో పాటు చుట్టుపక్కల లింఫ్ గ్రంథుల్ని కూడా తీసి ల్యాబ్‌కి పంపుతారు. రోగం అక్కడిదాకా పాకిందా లేదా అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది, తర్వాత కీమో కావాలా వద్దా అన్నదీ దాని మీదే ఆధారపడుతుంది.

పాత పద్ధతిలో ఛాతీ పక్కన పెద్ద కోత పెట్టి, పక్కటెముకల్ని ఒక ఇనప పరికరంతో విడదీసి లోపలికి వెళ్లేవాళ్లు. దీన్నే ఓపెన్ సర్జరీ లేదా థొరకాటమీ అంటారు. పక్కటెముకల కింద నరాలు ఉంటాయి. ఎముకల్ని విడదీసినప్పుడు అవి నలిగిపోతాయి. కొందరికి ఆ నొప్పి నెలల తరబడి వదలదు. ఈ రోజుకీ కొన్ని కేసులకి ఓపెన్ సర్జరీయే సరైన దారి. కానీ తొలి దశ గడ్డలకి ఇప్పుడు చిన్న రంధ్రాల పద్ధతులు వచ్చేశాయి.

ఒక విషయం రెండిట్లోనూ కామన్. ఆపరేషన్ చేసే వైపు ఊపిరితిత్తిని మత్తు డాక్టర్ గాలి ఆపేసి ముడుచుకునేలా చేస్తారు, పేషెంట్ రెండో ఊపిరితిత్తితోనే శ్వాస తీసుకుంటాడు. దీనికి రెండు దారులున్న ప్రత్యేకమైన గొట్టం వాడతారు. అంటే ఏ పద్ధతి అయినా మత్తు రిస్క్ పెద్దగా మారదు.

పోటీదారు 1: వ్యాట్స్

ఛాతీలోకి గొట్టం లాంటి పరికరం పెట్టి చూడటం కొత్తేమీ కాదు. 1910లోనే స్వీడన్ డాక్టర్ హాన్స్ క్రిస్టియన్ జాకోబియస్ ఆ పని చేశారు. చిన్న వీడియో కెమెరాలు వచ్చాక, 1990ల మొదట్లో ఇటలీలో జియాన్‌కార్లో రోవియారో లాంటి సర్జన్లు ఏకంగా లోబ్‌నే వీడియో చూస్తూ తీయడం మొదలుపెట్టారు.

వ్యాట్స్‌లో సాధారణంగా ఒకటి నుంచి నాలుగు దాకా చిన్న కోతలు ఉంటాయి. వాటిలో ఒకటి కొంచెం పెద్దది, 3 నుంచి 5 సెంటీమీటర్లు. తీసిన భాగాన్ని ఒక సంచిలో పెట్టి దాని గుండానే బయటికి లాగుతారు. పక్కటెముకల్ని విడదీయరు. సర్జన్ పేషెంట్ పక్కనే నిలబడి, పొడవాటి పరికరాలు చేత్తో పట్టుకుని, ఎదురుగా ఉన్న స్క్రీన్ చూస్తూ పని చేస్తారు. 2010లో స్పెయిన్ సర్జన్ డియేగో గొంజాలెజ్ రివాస్ ఒకే ఒక్క కోతతో లోబెక్టమీ చేసి చూపించాక, ఆ సింగిల్ పోర్ట్ స్టైల్ కూడా చాలా దేశాలకి పాకింది.

పోటీదారు 2: రోబోటిక్

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఈ రోబోట్ తనంతట తాను ఏమీ కోయదు. లోపల ఏఐ కూర్చుని నిర్ణయాలు తీసుకోదు. సర్జన్ ఆపరేషన్ థియేటర్‌లోనే కొన్ని అడుగుల దూరంలో ఒక కన్సోల్ ముందు కూర్చుంటారు. ఆయన వేళ్లు ఎలా కదిలితే, పేషెంట్ లోపల ఉన్న పరికరాల కొసలు అలా కదులుతాయి. ఒక రకంగా చాలా చాలా ఖరీదైన గేమ్ కంట్రోలర్ అనుకోండి. ఆయన చేతులు తీసేస్తే అది ఆగిపోతుంది.

ఇందులో అందరికీ తెలిసిన పేరు డావిన్చీ. తయారు చేసే కంపెనీ ఇంట్యూటివ్ సర్జికల్, 1995లో పెట్టారు. 2000లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 2000ల మొదట్లోనే ఇటలీలోని పీసాలో ఫ్రాంకా మెల్ఫీ టీమ్ దీంతో ఊపిరితిత్తుల ఆపరేషన్లు చేసి రిపోర్ట్ చేసింది. మన దేశంలో కూడా ఎస్ఎస్ఐ మంత్ర అనే రోబోట్ ఉంది. హార్ట్ సర్జన్ సుధీర్ శ్రీవాస్తవ పెట్టిన ఎస్ఎస్ ఇన్నోవేషన్స్ గురుగ్రామ్‌లో తయారు చేస్తోంది. అందులో కన్సోల్ మూసి ఉండదు, సర్జన్ 3డీ కళ్లద్దాలు పెట్టుకుని పెద్ద స్క్రీన్ చూస్తారు.

ఇక మన స్టైల్‌లో రౌండ్ల వారీగా చూద్దాం.

రౌండ్ 1: డిస్‌ప్లే

వ్యాట్స్‌లో చాలా చోట్ల 2డీ స్క్రీనే. హెచ్‌డీ, 4కే ఉన్నా లోతు కనపడదు. లోతుని సర్జన్ అనుభవంతో అంచనా వేస్తారు. 3డీ వ్యాట్స్ కెమెరాలు ఉన్నాయి కానీ అన్ని చోట్లా ఉండవు. ఇంకో సమస్య ఏంటంటే, కెమెరా పట్టుకునేది అసిస్టెంట్. మూడు గంటల పాటు చెయ్యి వణకకుండా పట్టుకోవాలి. మనం పెళ్లి వీడియోలు జూమ్ చేసి తీసినప్పుడు ఎలా ఊగుతాయో తెలుసుగా!

రోబోట్‌లో రెండు కళ్లకి రెండు చిత్రాలు, అంటే నిజమైన 3డీ. చిత్రం దాదాపు 10 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. కెమెరాని యంత్రం చెయ్యే పట్టుకుంటుంది కాబట్టి కదలదు, ఎటు తిప్పాలన్నా సర్జనే తిప్పుకుంటారు. ఈ రౌండ్ రోబోట్‌దే.

రౌండ్ 2: కంట్రోల్స్

వ్యాట్స్ పరికరాలు ఎక్కువగా నిటారుగా ఉండే కడ్డీలు. ఛాతీ గోడ దగ్గర అవి ఆనుకుని తిరుగుతాయి కాబట్టి చెయ్యి ఎడమకి కదిలితే లోపల కొస కుడికి వెళ్తుంది. మౌస్ ఇన్వర్ట్ చేసి పబ్జీ ఆడినట్టు. అలవాటయ్యేదాకా నరకమే, అలవాటయ్యాక చెయ్యి దానంతట అదే వెళ్తుంది అని నాన్న సర్జన్ గారు చెప్పారు.

రోబోట్ పరికరాల కొసకి మణికట్టు ఉంటుంది. మొత్తం 7 రకాల కదలికలు, అంటే మన చేతికి ఉన్నంత స్వేచ్ఛ. సర్జన్ చేతి వణుకుని సాఫ్ట్‌వేర్ ఫిల్టర్ చేసేస్తుంది. మోషన్ స్కేలింగ్ కూడా ఉంది: సర్జన్ చెయ్యి 3 సెంటీమీటర్లు కదిపితే కొస 1 సెంటీమీటరే కదిలేలా పెట్టుకోవచ్చు. సన్నటి రక్తనాళాల వెనక నుంచి లింఫ్ గ్రంథుల్ని ఒలవాల్సి వచ్చినప్పుడు ఇది చాలా పనికొస్తుంది. ఈ రౌండ్ కూడా రోబోట్‌దే.

రౌండ్ 3: హ్యాప్టిక్స్

ఇక్కడ కథ మారుతుంది. వ్యాట్స్‌లో కడ్డీ ద్వారానైనా సర్జన్‌కి స్పర్శ కొంత తెలుస్తుంది. అవసరమైతే ఆ పెద్ద కోతలోంచి వేలు పెట్టి, ఊపిరితిత్తిని తడిమి గడ్డ ఎక్కడుందో పట్టుకుంటారు. కెమెరాకి పైన ఏమీ కనిపించని చిన్న గడ్డలకి ఆ వేలే సెన్సర్.

చాలా ఏళ్లపాటు రోబోట్ సర్జన్లకి ఈ స్పర్శే లేదు. కణజాలం ఎంత లాగుతోందో, ఎలా సాగుతోందో కళ్లతో చూసి అంచనా వేయాల్సిందే. 2024లో ఎఫ్‌డీఏ అనుమతి పొందిన డావిన్చీ 5లో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ వచ్చింది. కానీ మీ ఊళ్లో హాస్పిటల్ బోర్డు మీద "రోబోటిక్" అని ఉన్నంత మాత్రాన అది ఆ మోడలే అని కాదు. ఏ జెనరేషన్ అని అడగడంలో తప్పు లేదు. ఈ రౌండ్ వ్యాట్స్‌కి.

రౌండ్ 4: ఎమర్జెన్సీ మోడ్

ఊపిరితిత్తికి వెళ్లే పల్మనరీ ధమని గోడ చాలా పల్చన. అది చిరిగితే క్షణాల్లో రక్తం నిండుతుంది. వ్యాట్స్‌లో సర్జన్ పక్కనే ఉంటారు. నొక్కి పట్టుకుని, కావాలంటే వెంటనే ఓపెన్ చేసేస్తారు. రోబోట్‌లో సర్జన్ కన్సోల్ దగ్గర, పేషెంట్ పక్కన అసిస్టెంట్. ఓపెన్ చేయాలంటే యంత్రం చేతుల్ని విడదీయాలి, సర్జన్ చేతులు కడుక్కుని గౌను వేసుకుని రావాలి. బాగా ప్రాక్టీస్ ఉన్న టీమ్ ఇది చాలా వేగంగా చేస్తుంది. దానికి ముందే డ్రిల్ చేస్తారు. కానీ టీమ్ కొత్తదైతే ప్రతి సెకనూ లెక్కే. అందుకే రోబోటిక్‌లో పేషెంట్ పక్కన నిలబడే ఆ రెండో డాక్టర్ ఎవరు అన్నది చిన్న ప్రశ్న కాదు.

బెంచ్‌మార్క్స్ ఏం చెబుతున్నాయి

స్పెక్ షీట్‌లో గెలిచిన ఫోన్ రోజువారీ వాడకంలో తేలిపోవడం మనం ఎన్నిసార్లు చూడలేదు! సర్జరీలో రియల్ వరల్డ్ టెస్ట్ అంటే ర్యాండమైజ్డ్ ట్రయల్. ఎవరికి ఏ పద్ధతి అన్నది లాటరీలా తీసి, తర్వాత ఫలితాలు పోలుస్తారు.

ముందు పాతదానికీ వ్యాట్స్‌కీ మధ్య. బ్రిటన్‌లో వయొలెట్ అనే ట్రయల్‌లో 503 మందిని ఓపెన్, వ్యాట్స్ గ్రూపులుగా విడదీశారు. 2022లో ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ అయిన 5 వారాలకి వ్యాట్స్ వాళ్లు రోజువారీ పనుల్లో ముందున్నారు. హాస్పిటల్‌లో ఉండగా కాంప్లికేషన్స్ ఓపెన్‌లో 44.3 శాతం మందికి వస్తే వ్యాట్స్‌లో 32.8 శాతం. ఇది స్పష్టమైన అప్‌గ్రేడ్.

ఇక వ్యాట్స్‌కీ రోబోట్‌కీ మధ్య. చైనాలో 320 మందితో ఆర్‌వీలాబ్ అనే ట్రయల్ చేశారు. 2022లో వచ్చిన ఫలితాల్లో కాంప్లికేషన్స్, హాస్పిటల్‌లో ఉన్న రోజులు రెండిట్లోనూ దాదాపు ఒకటే. రోబోట్ గ్రూపులో లింఫ్ గ్రంథులు కాస్త ఎక్కువ తీయగలిగారు: సగటు కేసులో 11, వ్యాట్స్‌లో 10. ఖర్చు మాత్రం రోబోట్‌కి సుమారు 12,800 డాలర్లు, వ్యాట్స్‌కి సుమారు 8,000.

కెనడా నుంచి వచ్చిన రావల్ ట్రయల్ రోబోట్ వైపు కొంచెం మొగ్గింది. 164 మందిని చూశారు. 12 వారాలకి పేషెంట్లు తమ ఆరోగ్యం గురించి తామే ఇచ్చిన స్కోరు రోబోట్‌లో 0.85, వ్యాట్స్‌లో 0.80. వాళ్ల లెక్కలో పెట్టిన డబ్బుకి తగ్గ విలువ కూడా ఉందని తేలింది. కానీ అది కెనడా, అక్కడ బిల్లు కట్టేది ప్రభుత్వం. అదే లెక్క మన జేబుకి యథాతథంగా సరిపోదు.

మొత్తం మీద నాకు అర్థమైంది ఇది. ఓపెన్ నుంచి వ్యాట్స్‌కి రావడం బటన్ ఫోన్ నుంచి స్మార్ట్‌ఫోన్‌కి వచ్చినంత మార్పు. వ్యాట్స్ నుంచి రోబోట్‌కి వెళ్లడం పోయిన ఏడాది ఫ్లాగ్‌షిప్ నుంచి ఈ ఏడాది ఫ్లాగ్‌షిప్‌కి వెళ్లడం లాంటిది. తేడా ఉంది. కానీ పాతది వాడేవాడు నష్టపోయాడని చెప్పేంత కాదు.

ఇంకో మాట. ఏ టూల్‌తో కోశారు అన్నదానికంటే ఎంత కోశారు అన్నది కొన్నిసార్లు ఎక్కువ ముఖ్యం. జపాన్‌లో 1,106 మందితో చేసిన ట్రయల్‌లో, 2 సెంటీమీటర్ల లోపు గడ్డలకి లోబ్ మొత్తం తీయకుండా సెగ్మెంట్ మాత్రమే తీసినవాళ్లలో 5 ఏళ్ల తర్వాత 94.3 శాతం మంది బతికున్నారు. లోబ్ తీసినవాళ్లలో 91.1 శాతం. నాన్న గడ్డ 2.3 కాబట్టి మాకు లోబెక్టమీయే అన్నారు. మీ కేసులో చిన్నదైతే ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

ధర: అసలు తేడా ఎక్కడ

డావిన్చీ యంత్రం ఖరీదు మోడల్‌ని బట్టి లక్షల డాలర్లలో ఉంటుంది. ఏటా సర్వీస్ కాంట్రాక్టు అదనం. పరికరాల్లో చిప్ ఉంటుంది, ఎన్నిసార్లు వాడారో అది లెక్కపెడుతుంది. రకాన్ని బట్టి 10 నుంచి 18 సార్లు వాడాక, చూడటానికి బాగానే ఉన్నా యంత్రం దాన్ని తీసుకోదు. మన ప్రింటర్ కాట్రిడ్జ్ కథే. ఈ ఖర్చంతా చివరికి బిల్లులోకే వస్తుంది.

ఇన్సూరెన్స్ గురించి: హెల్త్ పాలసీలు రోబోటిక్ సర్జరీని పూర్తిగా తీసేయకూడదని 2019లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. కానీ దానికి సబ్-లిమిట్ పెట్టుకోవచ్చని కూడా చెప్పాయి. నా కంపెనీ పాలసీలో పేరెంట్స్ కవర్ 5 లక్షలు అని గర్వంగా ఉన్నాను. లోపలి పేజీ చదివితే రోబోటిక్‌కి ఆ మొత్తంలో సగమే. మీ పాలసీ పీడీఎఫ్ ఇవాళే తెరిచి "రోబోటిక్" అని వెతకండి. హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడి తెలుసుకునే విషయం కాదది.

టేబుల్‌లో లేని కాలమ్

నేను ఎక్సెల్ షీట్ చేశాను. డిస్‌ప్లే, కంట్రోల్స్, ధర, ట్రయల్స్, అన్నిటికీ మార్కులు వేశాను. ఒక రాత్రి భోజనాల దగ్గర దాన్ని నాన్నకి చూపించి రోబోట్ ఎందుకు కొంచెం ముందుందో వివరించాను. ఓపిగ్గా విన్నాడు. విని ఒక్కటే అడిగాడు.

"బండి సంగతి సరేరా. డ్రైవర్ ఆ ఘాట్ మీద ఎన్నిసార్లు తోలాడు?"

నా దగ్గర జవాబు లేదు. షీట్‌లో ఆ కాలమే లేదు.

"కొత్త బండి ఇచ్చి మైదానం డ్రైవర్ని పాడేరు పంపితే ఏటవుద్దో నీకు తెలీదు. నాకు తెలుసు" అని చెయ్యి కడుక్కోడానికి లేచాడు.

మర్నాడు రెండు చోట్లా అపాయింట్‌మెంట్ తీసుకుని అదే ప్రశ్న అడిగాను. అడగడానికి భయమేసింది. డాక్టర్‌ని ఇంటర్వ్యూ చేస్తున్నట్టు ఉంటుందేమో అని. ఇద్దరూ ఏమీ అనుకోలేదు. మొదటి సర్జన్ గారు నిజాయితీగా చెప్పారు: రోబోట్ మీద ఊపిరితిత్తుల కేసులు అప్పటికి డజను దాకా చేశారు, అనుభవమున్న సీనియర్ పక్కన ఉండి చూస్తారు. రెండో సర్జన్ గారు ఏటా వందకి పైగా వ్యాట్స్ లంగ్ కేసులు చేస్తున్నారు, అదే టీమ్‌తో, కొన్నేళ్లుగా.

సాధారణంగా వ్యాట్స్ లోబెక్టమీ మీద పట్టు రావడానికి సుమారు 50 కేసులు, రోబోటిక్‌కి సుమారు 20 కేసులు పడుతుందని చెబుతారు. అంటే రోబోట్ నేర్చుకోవడం తేలికే. అది దాని నిజమైన ప్లస్ పాయింట్. కానీ నేర్చుకోవడం తేలికవడం వేరు, నేర్చేసుకోవడం వేరు.

మొదటి డాక్టర్ గారిని నేను ఏమాత్రం తప్పుపట్టను. ప్రతి సర్జన్‌కీ మొదటి ఇరవై కేసులు ఉంటాయి. ఎవరో ఒకరి నాన్న ఆ ఇరవైలో ఉండాల్సిందే, లేకపోతే కొత్త పద్ధతి ఏదీ రాదు. అది నాకు తెలుసు. తెలిసి కూడా మా నాన్న అందులో వద్దు అనుకున్నాను. ఈ మాట రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

ఇంకో కారణం కూడా ఉంది. నాన్నకి కుర్రతనంలో టీబీ వచ్చి తగ్గింది. పాత టీబీ ఉన్న ఊపిరితిత్తి ఛాతీ గోడకి అతుక్కుపోయి ఉండొచ్చు, లింఫ్ గ్రంథులు గట్టిపడి రక్తనాళాలకి అంటుకుని ఉండొచ్చు. మన దేశంలో ఇది మామూలే. రెండో సర్జన్ గారు సీటీ చూపిస్తూ ముందే చెప్పేశారు: "కష్టమనిపిస్తే ఓపెన్ చేసేస్తాను. దాన్ని ఫెయిల్యూర్ అనుకోకండి. మొండిగా చిన్న కోతల్లోనే ముగించాలనుకోవడం అసలు ఫెయిల్యూర్." ఆ మాటతో మాకు నమ్మకం కుదిరింది.

మీరు అడగాల్సిన ప్రశ్నలు

స్క్రీన్‌షాట్ తీసుకోండి.

1. ఈ పద్ధతిలో, ఈ ఆపరేషన్, మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? మొత్తం రోబోటిక్ కేసులు కాదు, ఊపిరితిత్తుల కేసులు.
2. వాటిలో ఎన్ని మధ్యలో ఓపెన్‌గా మార్చాల్సి వచ్చింది?
3. ఆపరేషన్ అప్పుడు పేషెంట్ పక్కన ఎవరుంటారు?
4. లోబ్ తీస్తారా, సెగ్మెంటా? ఎందుకు?
5. పేషెంట్‌కి పాత టీబీ, గుండె జబ్బు, పొగ అలవాటు ఉంటే ప్లాన్ ఎలా మారుతుంది?
6. ఎస్టిమేట్‌లో రోబోట్ పరికరాల ఛార్జీ విడిగా ఎంత? స్టాప్లర్ల ఖర్చు కలిపారా?
7. ఇదే ఆపరేషన్ మీరు రెండో పద్ధతిలో చేస్తారా? చేస్తే మీ నాన్నకి ఏది చేస్తారు?

చివరి ప్రశ్నకి వచ్చే జవాబు కంటే, జవాబు చెప్పడానికి ముందు వాళ్లు ఎంతసేపు ఆలోచిస్తారో చూడండి.

ఏమైంది మరి?

వ్యాట్స్ చేయించాం. రెండు గంటలన్నది మూడున్నర గంటలు పట్టింది. అనుకున్నట్టే టీబీ అతుకులు. ఆ అదనపు గంటన్నర నేను వెయిటింగ్ హాల్లో ఫోన్ తెరవలేదు, ఎవరు ఫోన్ చేసినా ఎత్తలేదు. చివరికి ఓపెన్ చేయాల్సిన అవసరం రాలేదు. గాలి కొంచెం లీకవుతుండటంతో ఛాతీ గొట్టం 5 రోజులు ఉంచారు. 7వ రోజు ఇంటికొచ్చాడు. గ్రంథుల రిపోర్ట్‌లో ఏమీ లేదు.

మెట్లెక్కితే ఇప్పటికీ కాస్త ఆయాసం. కోత పెట్టిన వైపు పక్కటెముకల దగ్గర చలికాలం పొద్దున్నే జివ్వుమంటుందట. ఆరు నెలలకోసారి సీటీకి వెళ్తున్నాం. స్కాన్ ముందు రోజు రాత్రి ఇంట్లో ఎవరం నిద్రపోం. రోబోట్ అయితే ఈ జివ్వుమనడం తగ్గేదా? అప్పుడప్పుడు ఆ ఆలోచన వస్తుంది. రెండు ఫోన్లూ కొని వాడి చూసి చెప్పే సౌకర్యం ఇక్కడ లేదు.

ఫైనల్ వర్డిక్ట్

హార్డ్‌వేర్‌గా చూస్తే రోబోట్ మెరుగైంది. చూపు, మణికట్టు, స్థిరత్వం, అన్నీ. ముందు ముందు ధర తగ్గి, మన దేశపు యంత్రాలు పెరిగి, స్పర్శ అన్ని మోడళ్లలోకీ వస్తే అదే మామూలైపోవచ్చు. రోబోట్ మీద వందల లంగ్ కేసులు చేసిన సర్జన్ మీకు దొరికి, ఇన్సూరెన్స్ కవర్ చేస్తుంటే నిశ్చింతగా వెళ్లండి. అది లేకపోతే, వ్యాట్స్‌లో చెయ్యి తిరిగిన సర్జన్ దగ్గరికి వెళ్లినందుకు మీరు పాత మోడల్‌తో సర్దుకున్నట్టు కాదు. అప్పు చేసి మరీ బాధపడకండి.

ఆ ఎక్సెల్ షీట్ ఇంకా నా ల్యాప్‌టాప్‌లో ఉంది. మొదటి కాలమ్ పేరు మార్చాను: "ఎన్నిసార్లు చేశారు?"

నెక్స్ట్ ఆర్టికల్ మళ్లీ ఫోన్ల గురించే, ప్రామిస్. ఈలోగా నలభై దాటిన మీ ఇంట్లోవాళ్లు ఎవరైనా బీడీ, సిగరెట్ కాలుస్తుంటే, తగ్గని దగ్గు ఉంటే, ఈ వారమే డాక్టర్‌కి చూపించండి. మా నాన్న మచ్చ దొరికింది కంటి ఆపరేషన్ పుణ్యమా అని. అందరికీ ఆ అదృష్టం ఉండదు.